ఖార్కివ్ ఆంటీ ఊరు వదలనంటోంది, ఎలా ఒప్పించాలి?

సాల్తివ్కా_సురేష్
నేను ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ చదివాను. మొదటి ఏడాది హాస్టల్, ఆ తర్వాత ఉత్తర సాల్తివ్కాలో ఒక ఆంటీ ఇంట్లో గది. తొమ్మిదంతస్తుల బిల్డింగ్‌లో ఏడో అంతస్తు. 2022 ఫిబ్రవరి 24న తెల్లారకముందే తలుపు దబదబా బాది "వయ్నా" అంది. అంటే యుద్ధం. ఆరు రాత్రులు మెట్రో స్టేషన్‌లో పడుకున్నాం, ఆవిడ మోసుకొచ్చిన దుప్పట్లలోనే. నేను ఎలాగో బయటపడి భీమవరం చేరాను. ఆవిడ అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు ఆవిడకి 73. కూతురు, మనవడు 2022 మార్చిలోనే పోలండ్ వెళ్లిపోయి వ్రోట్స్వాఫ్‌లో ఉంటున్నారు. అల్లుడు ఆర్మీలో. కిటికీ అద్దాలు పగిలిపోతే ప్లైవుడ్ కొట్టించుకుని అదే ఫ్లాట్‌లో ఉంటోంది. ఇది నాలుగో చలికాలం. కరెంటు ఎప్పుడుంటుందో, హీటింగ్ ఎప్పుడు పోతుందో తెలియదు. అక్కడి నుంచి రష్యా సరిహద్దు 40 కిలోమీటర్లు కూడా లేదు.

వారానికోసారి ఫోన్ చేస్తాను. కూతురి దగ్గరికి వెళ్లమంటే ఒకటే మాట: "నాకు పోలిష్ రాదు. అక్కడ నేను ఎవరితో పోట్లాడాలి?"

ఎలా ఒప్పించాలి? పోలండ్‌లో ఎవరైనా ఉంటే ఇప్పుడు రూల్స్ ఎలా ఉన్నాయో చెప్పండి. ఉపన్యాసాలు వద్దు.

గోదారిగట్టు
మా నాన్నమ్మ ఏడేళ్లుగా హైదరాబాద్ రానంటోంది. ఇక్కడ బాంబులు కూడా లేవు.

మిడ్‌నైట్_మిర్చి
^ హైదరాబాద్ ట్రాఫిక్ ఉందిగా అన్నా, పాపం పెద్దావిడ.

వ్రోట్స్వాఫ్_వెంకట్
నేను ఇక్కడే ఉన్నాను, చెప్తాను. యూరోపియన్ యూనియన్ ఇచ్చిన తాత్కాలిక రక్షణ ఇంకా నడుస్తోంది. 2027 మార్చి 4 దాకా పొడిగించారు. వచ్చాక 30 రోజుల్లో మున్సిపల్ ఆఫీసుకెళ్లి వేలిముద్రలు ఇచ్చి పెసెల్ నంబర్ తీసుకోవాలి. మన ఆధార్ లాంటిది అనుకో. దాని పక్కన 'యు.కె.ఆర్' అని స్టేటస్ పడుతుంది. ఏ పనికైనా అదే ఆధారం.

ఒక చిక్కు ఉంది. పోలండ్ వదిలి 30 రోజులకు మించి బయట ఉంటే ఆ స్టేటస్ పోతుంది. తల్లిని తీసుకురావడానికి కూతురు వెళ్తే తేదీలు లెక్క పెట్టుకోమను.

మొదట్లో ఉన్న ఉదారం మాత్రం ఇప్పుడు లేదు. 2022లో ఉక్రెయిన్ వాళ్లని ఇంట్లో ఉంచుకున్న వాళ్లకి ప్రభుత్వం మనిషికి రోజుకి 40 జ్లోటీలు (పోలండ్ కరెన్సీ) ఇచ్చేది. అది ఎప్పుడో ఆపేశారు. పిల్లలకిచ్చే 800 జ్లోటీలకి ముందు పోలిష్ బడి షరతు పెట్టారు, 2025లో తల్లిదండ్రుల ఉద్యోగం షరతు కూడా కలిపారు. పని చేయని పెద్దవాళ్లకి వైద్యంలో కొన్ని కోతలు వచ్చాయి, బయల్దేరే ముందు అది కనుక్కోండి.

దారి పెద్ద కష్టం కాదు. ఖార్కివ్ నుంచి ల్వీవ్‌కి రైలు, ల్వీవ్ నుంచి పోలండ్ సరిహద్దు ఊరు ప్షెమిషల్. అక్కడిదాకా ఉక్రెయిన్ రైళ్ల వెడల్పు పట్టాలే వేసి ఉన్నాయి. దిగి పోలిష్ రైలు ఎక్కడమే. ఆవిడ దగ్గర విదేశాలకెళ్లే పాస్‌పోర్ట్ ఉందా? వాళ్లకి దేశం లోపల వాడేది వేరు, బయటికి వెళ్లేది వేరు. 2022లో ఏ కాగితం చూపించినా రానిచ్చారు, ఇప్పుడు ఆ రోజులు కావు.

ఎర్రబస్సు
అందరికీ గజినీ జబ్బు వచ్చినట్టుంది. పోలండ్‌లోకి దాటే షెహిని బోర్డర్లో మన పిల్లల్ని ఎలా నెట్టేశారో మర్చిపోయారా? చలిలో 30 కిలోమీటర్లు నడిపించి, గేటు దగ్గర "మీరు ఆగండి, మావాళ్లు ముందు" అన్నారు. ఆఫ్రికా కుర్రాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం. ఖార్కివ్‌లో సరుకుల కోసం క్యూలో నిలబడ్డ కర్ణాటక కుర్రాడు మార్చి 1న పోయాడు. మన గవర్నమెంటు ఆపరేషన్ గంగ పెట్టి 22 వేల మందికి పైగా తెచ్చుకుంది కాబట్టి సరిపోయింది. వాళ్లకి యూరప్ అంతా తలుపులు తీసింది. మనం ఎందుకు ఏడవాలి?

సాల్తివ్కా_సురేష్
ఎర్రబస్సు గారూ, మర్చిపోలేదు. షెహిని లైన్లో నేనూ ఉన్నాను. రెండు రాత్రులు. ఒక గార్డు నా బ్యాగు తన్నాడు, అది కూడా గుర్తుంది.

కానీ షెహిని దాకా ఎలా వచ్చానో వినండి. ఖార్కివ్ స్టేషన్లో రైలు తలుపు దగ్గర కండక్టరమ్మ అడ్డం నిలబడి ఆడవాళ్లు, పిల్లలు తప్ప ఎవర్నీ ఎక్కనివ్వడం లేదు. వాళ్ల మగవాళ్లనే ఎక్కనివ్వలేదు, నన్నెందుకు ఎక్కిస్తారు. ఆంటీ నన్ను దింపడానికి వచ్చింది, తను ఎక్కడానికి కాదు. ఆ కండక్టరమ్మతో పది నిమిషాలు పోట్లాడింది. "ఇతను డాక్టరు, లోపల ముసలివాళ్లు ఉన్నారు, దారిలో ఎవరికైనా ఏమైనా అయితే నువ్వు చూస్తావా?" అని. నేను అప్పటికి ఫైనల్ ఇయర్, డాక్టర్ని కూడా కాదు. చివరికి నన్ను వీపు మీద చెయ్యేసి లోపలికి తోసేసింది. తలుపు మూసుకునేదాకా కింద నుంచి తిడుతూనే ఉంది, కండక్టరమ్మనో నన్నో అర్థం కాలేదు.

బోర్డర్లో గార్డుదీ ఆ దేశమే, ఈవిడదీ ఆ దేశమే.

మిడ్‌నైట్_మిర్చి
ఎవరితో పోట్లాడాలి అని ఎందుకు అడుగుతోందో ఇప్పుడు అర్థమైంది.

లెక్కలమాస్టారు
ఎర్రబస్సు గారి మాటలో సగం నిజం ఉంది, ఆ సగాన్ని కొట్టిపారేయొద్దు. యూరప్ తలుపులు అందరికీ ఒకేలా తెరవలేదు. ఈ తాత్కాలిక రక్షణ చట్టం 2001లోనే రాసుకున్నారు, యుగోస్లావియా, కొసొవో యుద్ధాల అనుభవంతో. 2015లో సిరియా వాళ్లు పడవల్లో వచ్చినప్పుడు దాన్ని బయటికి తీయలేదు. 2022 మార్చి 4న, యుద్ధం మొదలైన తొమ్మిదో రోజున, మొట్టమొదటిసారి వాడారు. 2021 చివర్లో ఇదే పోలండ్ బెలారస్ సరిహద్దులో ఇరాక్ వాళ్లని అడవిలో చలికి వదిలేసింది. కొన్ని నెలలకే షెహినికి ఎదురుగా తన వైపున్న మెదికా గేటు దగ్గర వేడి సూపు పోసింది.

అంకెలు కూడా చూడండి. ఐదు వారాల్లో 40 లక్షల మంది దేశం దాటారు. యూరప్‌లో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంత వేగంగా ఇంత మంది కదిలింది లేదు. ఇప్పుడు ఈయూలో ఈ రక్షణ కింద సుమారు 43 లక్షల మంది. జర్మనీలో దాదాపు 12 లక్షలు, పోలండ్‌లో 10 లక్షలు. కోటి పైచిలుకు జనాభా ఉన్న చెక్ రిపబ్లిక్‌లో మూడున్నర లక్షల పైనే. జనాభాతో పోల్చితే చెక్ వాళ్లే ముందు. చట్టం లెక్కలో వీళ్లలో ఎక్కువ మంది 'శరణార్థులు' కూడా కాదు, శరణు దరఖాస్తు పెట్టకుండానే ఉండనిచ్చిన వాళ్లు. గడువు తీరితే ఏంటన్నది ఒక్కో దేశం ఒక్కోలా చెప్తోంది. టెన్షన్ అంతా అక్కడే.

ఎర్రబస్సు
సగం ఒప్పుకున్నారు, చాలు. ఆంటీ విషయంలో నాకు గొడవేం లేదు.

లుహాన్స్క్2014
ఈ కథ 2022లో మొదలైందనుకుంటారు అందరూ. నా యూజర్ నేమ్ చూడండి. 2014 వేసవిలో తూర్పు ఉక్రెయిన్‌లోని లుహాన్స్క్‌లో మెడిసిన్ చదువుతుంటే ఊళ్లో షెల్లింగ్ మొదలైంది. మేం సూట్‌కేసులు హాస్టల్లో వదిలేసి వచ్చేశాం, "సెప్టెంబర్లో వచ్చి తీసుకుందాం" అనుకుని. అవి ఇప్పటికీ అక్కడే ఉండుంటాయి, లేదా ఎవరో నా జీన్స్ వేసుకుని తిరుగుతుంటారు.

మన సంగతి సరే, తరవాత ఏదో కాలేజీలో చేరాం. మా కాలేజీ లుహాన్స్క్ వదిలి రుబిజ్నే అనే చిన్న ఊరికి మారింది. మా అనాటమీ మేడమ్ కూడా కుటుంబంతో అక్కడికి వెళ్లి ఫ్లాట్ కొనుక్కుంది. 2022లో రుబిజ్నే కూడా రష్యా చేతికి పోయింది. కాలేజీ ఈసారి దేశానికి అవతలి వైపున్న రివ్నేకి వెళ్లింది. దొనెత్స్క్ యూనివర్సిటీ అయితే 2014 నుంచీ వినిత్సియాలోనే ఉంది. మేడమ్ ఒకసారి మెసేజ్ పెట్టింది: ఈసారి ఫ్లాట్ కొనను, కర్టెన్లు కూడా కొనను అని.

2022కి ముందే దేశం లోపల దాదాపు 15 లక్షల మంది ఇల్లు వదిలినవాళ్లుగా నమోదై ఉన్నారు. ఇప్పుడు లోపల అలా ఇల్లు వదిలినవాళ్లు సుమారు 37 లక్షలని అంచనా. దేశం దాటిన వాళ్ల గురించే మాట్లాడతాం. లోపల ఇంకో ఊళ్లో, ఇంకొకరి గదిలో, పెద్దవాళ్లకి నెలకి 2000 హ్రివ్నియాల సాయంతో బతికే వాళ్లని ఎవరూ ఫొటో తీయరు. అది గది అద్దెలో ఓ మూలకి కూడా రాదు. సురేష్ తమ్ముడూ, మీ ఆంటీ ఊరికి కూడా వోవ్చాన్స్క్, కుప్యాన్స్క్ వైపు నుంచి వేల మంది వచ్చి ఉన్నారు. ఆవిడ లెక్కలో ఖార్కివ్ అంటే జనం పారిపోయి వచ్చే చోటు.

సాల్తివ్కా_సురేష్
నిజమే అన్నా. ఆవిడ పై ఫ్లోర్‌లో వోవ్చాన్స్క్ కుటుంబం దిగింది 2024లో. "వాళ్లే ఇక్కడికి వస్తుంటే నేనెక్కడికి పోను" అంటుంది. ఎదురింటి పిల్లలు మెట్రో స్టేషన్లో పెట్టిన బడికి వెళ్తున్నారు. అది కూడా గొప్పగా చెప్తుంది, మా బడికి ఎస్కలేటర్ ఉంది చూశావా అని.

మిడ్‌నైట్_మిర్చి
ఒక డౌట్. రష్యా వైపు వెళ్లినవాళ్లు కూడా ఉన్నారంటారు కదా, వాళ్లు ఇష్టంగా వెళ్లారా?

లుహాన్స్క్2014
ఉన్నారు, లక్షల్లో. కొందరికి అక్కడ చుట్టాలున్నారు, కొందరు ఇష్టంగానే వెళ్లారు. మరియుపోల్ లాంటి చోట చాలామందికి తెరిచి ఉన్న దారి అదొక్కటే. 'ఫిల్ట్రేషన్' అని ఆపి ఫోన్లు చూసి, ఒంటి మీద టాటూలు చూసి పంపేవారు. అక్కడి నుంచి కొందరు రష్యా అంతా రైల్లో దాటి ఎస్టోనియా సరిహద్దులో నార్వా దగ్గర యూరప్‌లోకి వచ్చారు. పిల్లల్ని తరలించిన కేసులో 2023 మార్చి 17న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు పుతిన్ మీద, వాళ్ల బాలల హక్కుల కమిషనర్ మీద వారెంట్లు ఇచ్చింది.

ఎర్రబస్సు
పుతిన్ మీద వారెంట్ సరే, ఇరాక్ మీద పడ్డప్పుడు ఎవరి మీద

అడ్మిన్_2
ఆ దారిలో వెళ్తే ఈ థ్రెడ్ 40 పేజీలవుతుంది, ఆంటీ మాత్రం సాల్తివ్కాలోనే ఉంటుంది. దాని మీద వేరే థ్రెడ్ ఉంది. తర్వాత వచ్చిన ఆరు పోస్టులు అక్కడికి మార్చాను.

కంచరపాలెం_కుర్రాడు
శరణార్థి అనాలా వద్దా అని మాస్టారు అన్నారు కాబట్టి. మా ఇంట్లో ఈ మాటే వాడరు, 'కాందిశీకులు' అంటారు. మా ముత్తాత రంగూన్లో రైస్ మిల్లు కూలీ. 1941 డిసెంబర్లో జపాన్ బాంబులు పడ్డాక ఓడ టికెట్లు తెల్లవాళ్లకి, డబ్బున్నవాళ్లకి దొరికాయి. మావాళ్లకి దొరికింది అరకాన్ కొండలు. నడిచి వచ్చారు. బయల్దేరింది ఐదుగురు, చిట్టగాంగ్ చేరింది ముగ్గురు. మళ్లీ 1962 తర్వాత, నే విన్ వచ్చాక, రెండో విడత వచ్చినవాళ్లతోనే వైజాగ్‌లో మా బర్మా క్యాంప్ పడింది.

ముందు ఎవరు, వెనక ఎవరు అనే లైను ప్రతి బోర్డర్లో ఉంటుందండీ. లైన్లో మనకి ముందున్న పిల్లదాని మీద కోపం పెట్టుకుంటే లాభం ఏంటి.

ముంపుమండలం
నేను కొంచెం తేడాగా మాట్లాడతాను, తిట్టుకోండి. మాది దేవీపట్నం మండలం. పోలవరం ముంపు. ప్షెమిషల్ స్టేషన్లో పోలిష్ తల్లులు పిల్లల బండ్లు వరసగా పెట్టి వెళ్లిన ఫొటో అందరూ షేర్ చేశారు. నేనూ చేశాను. గోదారి వరదొచ్చి మా ఇళ్లల్లోకి నీళ్లొచ్చినప్పుడు మాకోసం ఎవరు ఏం పెట్టారు? మేం నిర్వాసితులం. పరిహారం ఇచ్చాం కదా అంటారు, అయిపోయింది.

లెక్కలమాస్టారు
బాధ సమానమే కావచ్చు కానీ రెండూ ఒకటి కాదు ముంపుమండలం గారూ. మీకు నోటీసు వచ్చింది, సర్వే జరిగింది, కాలనీ కట్టారు. ఎలా కట్టారన్నది వేరే విషయం. క్రమతోర్స్క్ స్టేషన్లో రైలు కోసం నిలబడ్డవాళ్ల మీద 2022 ఏప్రిల్ 8న క్షిపణి పడి 60 మంది దాకా పోయారు.

ముంపుమండలం
రెండూ ఒకటని నేను అనలేదు మాస్టారూ. ముసలివాళ్ల విషయంలో మాత్రం ఒకటే. అందుకే ఈ థ్రెడ్‌లో రాస్తున్నాను.

మా తాత కాలనీకి రానన్నాడు. ఆర్డీవో చెప్పాడు, నాన్న చెప్పాడు, పాస్టర్ గారు చెప్పారు. కదల్లేదు. మా మేనత్త వచ్చి "నాన్నా, కొత్త ఇంట్లో కాపలాకి మనిషి లేడు, సంక్రాంతి దాకా వచ్చి పడుకో" అంది. ఆ రోజే చెంబు, మంచం పట్టుకుని వచ్చేశాడు. ఆ తర్వాత నీళ్లు రానన్నాళ్లూ రోజూ ఆటో ఎక్కి పాత ఊరు వెళ్లి వేపచెట్టు కింద కూర్చుని సాయంత్రానికి వచ్చేవాడు. చచ్చేదాకా 'మా ఇల్లు' అన్నది పాత ఇంటినే.

సురేష్ గారూ, 'వచ్చెయ్' అనకండి. అది ఇల్లు ఖాళీ చేయమన్నట్టు వినిపిస్తుంది వాళ్లకి. ఏదో ఒక పని చెప్పండి, ఒక తేదీ చెప్పండి. తాళం చెవి ఆవిడ దగ్గరే ఉండాలి.

గోదారిగట్టు
ఇది మా నాన్నమ్మ మీద ఈ రాత్రికే ట్రై చేస్తాను.

డబ్లిన్_దీపిక
కూతురి వైపు నుంచి కూడా చూడండి. నా కొలీగ్ ఒకావిడ ద్నిప్రో నుంచి. అక్కడ అకౌంటెంట్, ఇక్కడ మొదటి రెండేళ్లు హోటల్లో గదులు ఊడ్చింది. పిల్లాడు పొద్దున ఐరిష్ బడి, సాయంత్రం ఆన్‌లైన్లో ఉక్రెయిన్ బడి. వెనక్కి వెళ్తామేమోనని. ఆ పిల్లాడికి రెండు హోంవర్కులు. భర్తని రెండేళ్లలో ఒక్కసారి చూసింది, తనే వెళ్లి. 18 నుంచి 60 మధ్య మగవాళ్లని దేశం దాటనివ్వరు కదా. 2025 ఆగస్టులో 22 ఏళ్ల దాకా ఉన్నవాళ్లకి సడలించారు.

నిజాయితీగా ఇంకోటి కూడా చెప్తాను. ఇక్కడ ఉక్రెయిన్ వాళ్లకి ఇల్లిచ్చే ఓనర్‌కి ప్రభుత్వం నెలకి 800 యూరోలు ఇచ్చేది, పన్ను లేకుండా. తర్వాత 600 చేశారు. మేం అద్దెకున్న ఇంటి ఓనర్ మమ్మల్ని ఖాళీ చేయించి వాళ్లకిచ్చాడు. నేను నెల రోజులు ఆ కుటుంబాన్ని మనసులో తిట్టుకున్నాను. తర్వాత ఉత్తరాలు తీసుకోవడానికి వెళ్తే తలుపు తీసింది ఎనభై ఏళ్ల ముసలావిడ, మా పాత కర్టెన్లు ఇస్త్రీ చేసి వేసుకుంది. తిట్టాల్సింది ఓనర్నని అప్పుడు తట్టింది.

మ్యూనిక్_మాధవి
నా జర్మన్ క్లాసులో సగం మంది వాళ్లే. టీచర్ "ఐదేళ్ల తర్వాత మీరు ఎక్కడుంటారు" అనే పాఠం చెప్పింది, భవిష్యత్ కాలం నేర్పడానికి. క్లాసంతా నిశ్శబ్దం. ఒకావిడ మాత్రం జర్మన్లో తప్పుల్లేకుండా చెప్పింది: "మా ఊరు ఎవరి చేతిలో ఉంటుందో దాన్నిబట్టి." టీచర్ ఆ పాఠం దాటేసింది.

వ్రోట్స్వాఫ్_వెంకట్
ఆవిడకి పింఛన్ వస్తుంటే ఒకటి జాగ్రత్త. విదేశంలో ఉన్న పింఛనుదారులు ఏడాదికోసారి గుర్తింపు చూపించాలి, వీడియో కాల్లో కూడా చేస్తారు. మన పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ టైపు. "పోలండ్ వెళ్తే పింఛన్ ఆపేస్తారు" అని అక్కడ ముసలివాళ్లలో పెద్ద భయం. ఆవిడకి ఈ సంగతి కూతురి చేత చెప్పించండి.

పిల్లి ఉందా? ఇలాంటి వాళ్లందరికీ పిల్లి ఉంటుంది.

సాల్తివ్కా_సురేష్
ఉంది. పేరు మార్క్విజ్. బాంబుల మోతకి మంచం కింద దూరి మర్నాటికి గానీ బయటికి రాదు.

వ్రోట్స్వాఫ్_వెంకట్
అనుకున్నా. 2022లో చాలా దేశాలు కుక్కలకి, పిల్లులకి కాగితాలు అడగలేదు. ఇప్పుడు అడుగుతాయి. మైక్రోచిప్, రేబిస్ టీకా, కాగితాలు. టీకా వేశాక వెంటనే దాటించరు, వ్యవధి ఉంటుంది. ముందు పిల్లి పని మొదలుపెట్టండి, తర్వాత ఆంటీ పని.

సాల్తివ్కా_సురేష్
పది రోజుల తర్వాత అప్‌డేట్. ముంపుమండలం గారి సలహా పాటించాను. కూతురితో మాట్లాడాను. "మనవడికి ఈ ఏడాది పరీక్షలు, నేను షిఫ్టులకి పోతే వాడికి వండే మనిషి లేదు, ఏప్రిల్ దాకా వచ్చి ఉండు" అని ఆవిడ చేత అడిగించాను. నిజానికి వాడికి 17, తనే వండుకుంటాడు. అది వాడికీ చెప్పి ఉంచాం.

మూడు రోజులు ఏం మాట్లాడలేదు. నాలుగో రోజు ఫోన్ చేసి నన్ను తిట్టింది, ఇదంతా నీ పన్నాగమే కదా అని. తర్వాత షరతులు చెప్పింది. ఏప్రిల్లో మొక్కలు నాటే టైముకి వెనక్కి. వోవ్చాన్స్క్ కుటుంబం కిందకి దిగి ఆ ఫ్లాట్‌లో ఉంటుంది, అద్దె తీసుకోదు, కానీ రోజూ కిటికీ దగ్గరున్న మొక్కలకి నీళ్లు పోయాలి. పిల్లి తనతోనే. నిన్న మార్క్విజ్‌కి టీకా వేయించింది, డాక్టర్ని రక్కిందట.

వెంకట్ అన్నా, కూతురు ఉండేది నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఆవిడకి మోకాళ్లు. దగ్గర్లో గ్రౌండ్ ఫ్లోర్ గది ఏదైనా నాలుగు నెలలకి దొరుకుతుందా?

వ్రోట్స్వాఫ్_వెంకట్
ఏప్రిల్ దాకా అంటే ఎవరూ కాంట్రాక్ట్ రాయరు తమ్ముడూ, ఏడాది రాయమంటారు. ఆవిడకి ఆ మాట చెప్పకు. మా కింద ఫ్లోర్‌లో ఒక గది ఉంది. ఓనరమ్మ పోలిష్, డెబ్బై ఏళ్లు, రష్యన్ వచ్చు, కానీ మాట్లాడదు. పార్కింగ్ విషయంలో రోజూ ఎవరితోనో ఒకరితో గొడవ పడుతుంది. అడిగి చూస్తాను.

సాల్తివ్కా_సురేష్
అన్నా, ఆ గదే కావాలి.